ఏటికి కుట్లు వేసిన దర్జీ

గేటు కాపలాకి కొత్తగా వచ్చిన గార్డు టీకొట్టు బల్ల మీద కూర్చుని, ఎదురుగా పారుతున్న నీళ్లకేసి చూసి పెదవి విరిచాడు. "ఈ పిల్లకాలవేనా రెండు దేశాలకి హద్దు?"

పక్కన టీ ఊదుకుంటున్న దర్జీకి చుర్రుమంది. ఆయన పెళ్లాం అలిగి అవతలి ఒడ్డున పుట్టింటికి వెళ్లి వారమైంది. వంతెన లేదు. గేటు దగ్గర పేరు చెప్పి, చెప్పులు చేతపట్టుకుని జనం నడిచే దాటుతారు. ఆయన మాత్రం మిషను మూసేసి, పొద్దస్తమానం ఇక్కడే కూర్చుని అటే చూస్తున్నాడు.

"పిల్లకాలవ అనకండి. మీరు చూస్తున్నది నేను కుట్టాక మిగిలిన ఏరు!"

"కుట్టాకా?" అన్నాడు గార్డు.

"మొదలైపోయింది" అని టీకొట్టు అక్క పొయ్యి మంట తగ్గించింది.

"మొదట నేను చేసింది పెద్ద పనేం కాదులెండి. ఏటి నడిమధ్య హద్దు ఎక్కడో తేలక రెండువైపుల అధికార్లూ కొట్టుకు చస్తుంటే, మెళ్లో టేపు తీసి వెడల్పు కొలవబోయా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? టేపు చాల్లేదు! అప్పుడిది సముద్రమంత ఉండేది, ఈ ఒడ్డున దగ్గితే ఆ ఒడ్డుకి చేరేసరికి జలుబు తగ్గిపోయేది. పైగా మహా వదులు, ఓసారి వాళ్ల చేల మీద జారేది, ఓసారి మన చేల మీద. దీని ఒంటికి కొలత సరిపోలేదని నాకు చూడగానే తెలిసింది. సరే, పళ్ల మధ్య సూది పట్టుకుని దూకా!"

"నీళ్లలోకే?"

"మరి గాల్లోకా? ఈదుకుంటూ రెండు ఒడ్లూ దగ్గరికి లాగి టాకాలేశా. ఆ మిల్లు దగ్గర వంపు ఉందే, అక్కడ మడత పెట్టా. మొసళ్లు వచ్చి దారం అందించాయి! కత్తిరించగా మిగిలిన ముక్కే ఊరవతల మడుగు. రెండువైపుల సైన్యాలూ నాకు సెల్యూట్ కొట్టి..."

"ఓహో! అయితే బావా," అంది వెనకనుంచి ఓ గొంతు.

దర్జీ వెనక్కి తిరిగాడు. మోకాళ్లదాకా తడిసిన పంచెతో పెళ్లాం అన్నగారు నిలబడి ఉన్నాడు.

"అంత ఏరు ఈదినవాడివి, మోకాలి లోతు నీళ్లు దాటి మా చెల్లెల్ని తీసుకెళ్లలేకపోయావేం? పెళ్లిచూపులకి నిన్ను మోసుకెళ్లిన భుజం నాకింకా నొప్పే. నడిమధ్యలో నా జుట్టు పట్టుకుని, ఒడ్డొచ్చిందా, ఒడ్డొచ్చిందా అని ఏడ్చావు కదయ్యా!"

టీకొట్టు గొల్లుమంది. గార్డు నవ్వు ఆపుకోలేక గ్లాసు కింద పెట్టేశాడు. దర్జీ చెవులు ఎర్రబడ్డాయి. అవతలి ఒడ్డున కళ్లకి చెయ్యి అడ్డంపెట్టుకుని ఇటే చూస్తున్న పెళ్లాన్ని అప్పుడే గమనించాడు. కోపం తగ్గకపోతే ఒడ్డుదాకా వచ్చేది కాదు.

ఆయన లేచి పంచె ఎగ్గట్టాడు. "ఎక్కుతావా భుజం?" అన్నాడు బావమరిది మెల్లగా.

"వద్దు. చెయ్యి మాత్రం వదలకు."

దర్జీ కళ్లు గట్టిగా మూసుకుని, బావమరిది చెయ్యి పట్టుకుని, ఒక్కో అడుగూ తడుముకుంటూ నీళ్లలోకి దిగాడు. నవ్విన నోళ్లన్నీ ఊపిరి బిగబట్టాయి. సగం దాటాక నీళ్లు మోకాళ్లు కూడా దాటడం లేదని ఆయనకి తెలిసినట్టుంది, కళ్లు తెరిచాడు. బావమరిది చెయ్యి ఇంకా వదల్లేదు కానీ, గొంతు మాత్రం టీకొట్టుదాకా ఖంగుమని వినబడింది.

"ఏమేవ్! ఆ ఒడ్డున అలా నిలబడకు, వెనక్కి జరుగు! నేను దిగేసరికి ఏరు పొంగుతోంది!"