మేడమీది గాలి

సకల ప్రాణులలో ఊపిరియై మెలగే వాయుదేవునికి మ్రొక్కి ఈ మాట చెబుతున్నాను.

అమెరికాలోని టాంపాలో, చెదలను చంపడానికి గుడారంతో కప్పి విషవాయువు నింపి, తర్వాత ఆ గుడారం విప్పిన ఒక ఇంటి గుమ్మంలో రాష్ట్ర తనిఖీ అధికారిణి, ఒకప్పుడు తనకు పని నేర్పిన పెద్దాయనకు ఎదురుపడింది. తలుపుకు "లోపలికి రావచ్చు" అన్న పలక వేలాడుతోంది.

"మాస్టారూ, మోకాలు ఎలా ఉంది?"

"మెట్లు చూస్తేనే ఏడుస్తోందమ్మా. తనిఖీకి నీకు నేనే దొరికానా?"

"అన్ని గదుల్లోనూ గాలి కొలిచారా?"

"కొలవకుండానే పలక పెడతానా?"

"మేడమీద కూడానా? పడుకునేవాళ్ల తలగడ దగ్గర కొలవాలని నేర్పింది మీరే."

ఆయన నేల చూశాడు.

"కింద మీటరు సున్నా చూపించింది. పైనా అంతేలే అనుకున్నా. ఎక్కలేదమ్మా."

"విషవాయువు సోకని ముసుగు తగిలించుకుని నేనెక్కుతా. నివేదికలో మీ మీద రాయక తప్పదు."

"రాయి. అయ్యో, ఇంటివాళ్ల కారు! అమ్మా, ఆగండి! పసిబిడ్డతో లోపలికి రాకండి! తప్పు నాది!"

ఆమె మేడమీద గాలి కొలిచి తిరిగి వచ్చేసరికి ఆయన పలక తీసి గుండెకు హత్తుకుని, గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"పైన విషం ఇంకా పోలేదు మాస్టారూ."

"ఈ పలక నువ్వే ఉంచుకో తల్లీ. ఇక నా చేతికివ్వకు."

ఇది విన్నవారందరి ఇళ్లలో గాలి నిర్మలమై, నిద్ర నిర్భయమై ఉండుగాక.