ఈలకు గిన్నె బదులిచ్చే కొండ: శ్రీమతి సెనోబియా యౌరి గారి పదవీ విరమణ వేళ

ఎర్లిందా పరియోనా, న్యాయ సహాయకురాలు

1997వ సంవత్సరం మే నెల పన్నెండవ తేదీన, లిమా నగరపు దక్షిణ కొసన, రేకుల కప్పూ ఇసుక నేలా తప్ప మరే ఆస్తీ లేని మన రెతామా మహిళా సహాయ గృహంలో శ్రీమతి సెనోబియా యౌరి గారు వంటమనిషిగా ఉద్యోగ ప్రవేశం చేశారు. ఈ నెలాఖరున అదే గృహానికి ప్రధాన నిర్వాహకురాలిగా వారు పదవీ విరమణ చేయనున్నారు. ఈ రెండు వాక్యాల మధ్య ఖాళీని సముచితమైన ప్రశంసలతో పూరించవలసిందిగా ఈ అభినందన సంచిక సంపాదకవర్గం వారు నన్ను ఆదేశించారు. ఇరవై ఏళ్లుగా వారి పక్క బల్ల దగ్గర కూర్చున్నదాన్నే అయినా నాకు పొగడటం పెద్దగా చేతకాదు. జరిగింది చెప్పడం మాత్రం వచ్చు.

ముందే ఒక మాట. విందూ సంగీతమూ ఎంత ఘనంగా ఏర్పాటు చేసినా, ఈ వీడ్కోలు సభకు వచ్చే ప్రతి ఒక్కరి మనసులో ఉన్న ప్రశ్న ఒక్కటే. సెనోబియా గారి వద్ద పెరుగుతున్న పదకొండేళ్ల యూలిసా ఇకముందు కూడా వారి వద్దే ఉంటుందా, వచ్చే ఏడాది జైలు నుంచి విడుదల కానున్న తండ్రి చేతికి పోతుందా? దీన్ని దాచిపెట్టి అభినందన వ్యాసం రాయడం నా వల్ల కాదు. సంపాదకులు నొచ్చుకుంటే నొచ్చుకోనీ.

సైనికులకూ తిరుగుబాటుదారులకూ మధ్య నలిగిపోయిన అయకూచో పల్లెల నుంచి చెల్లెలి చెయ్యి పట్టుకుని ఈ కొండకు చేరిన వేలాదిమందిలో వారొకరు. భర్త దెబ్బలకు ఒక చెవి వినికిడి పోగొట్టుకున్నాక, అతణ్ణి విడిచి మన వంటగదిలో అడుగుపెట్టారు. వంటగదిలో ఉంటూనే వారు ఒక పద్ధతిని నెలకొల్పారు. గృహానికి వచ్చిన స్త్రీని ఎవరూ ఏమీ అడగకూడదు, ముందు తిననివ్వాలి. దవడ వాచి నమలలేని మనిషి వస్తే, ఎందుకని అడగకుండానే బంగాళదుంపల పులుసును మెత్తగా మెదిపి పలచన చేసి ఇచ్చేవారు. "ఆకలి తీరితే మాటదే వస్తుంది, నువ్వు లాగక్కర్లేదు" అని కొత్తగా చేరిన నాతో అన్నారు. మనస్తత్వ శాస్త్రంలో పట్టా పుచ్చుకున్న మా సహోద్యోగినులు సైతం ఆ పద్ధతినే నేటికీ పాటిస్తున్నారు.

ఈలల సంప్రదాయం మనం కనిపెట్టింది కాదు. లిమా కొండవాడల్లో స్త్రీలు అంతకుముందే మెడలో ఈల వేసుకుని తిరిగేవారు. దెబ్బ పడగానే ఈల ఊదాలి, విన్న ఆడవాళ్లంతా గిన్నెలూ గరిటెలూ పట్టుకుని ఆ ఇంటి ముందు చేరి, తలుపు తెరుచుకునే దాకా మోగించాలి. తిట్టకూడదు, లోపలికి పోకూడదు, మోగిస్తూ నిలబడాలి, అంతే. పోలీసులకు లొంగని మగవాడు కూడా ఇరుగుపొరుగు ముందు సిగ్గుపడి తలుపు తీసేవాడు. మన కొండపైకి ఈ సంప్రదాయాన్ని తెచ్చి, ఇంటింటికీ తిరిగి ఈలలు పంచి, ఊదడం సైతం నేర్పిన ఘనత సెనోబియా గారిదే.

ఇక్కడొక సంఘటనను ప్రస్తావించక తప్పదు. ఒక ఆదివారం కింద మైదానంలో ఫుట్‌బాల్ పోటీ జరుగుతోంది. పొరుగు పేట నుంచి వచ్చిన రిఫరీ మన కొండ సంగతి తెలియక గట్టిగా, పొడుగ్గా ఈల ఊదాడు. రెండు నిమిషాల్లో కొండమీది ఆడవాళ్లంతా గిన్నెలతో మైదానం నడిమధ్యలోకి దిగారు. అందరికన్నా ముందు మన సెనోబియా గారు, చేతిలో పెద్ద గరిటె.

"ఎవర్నిరా కొడుతున్నావ్?"

"అమ్మా, నేనెవర్నీ కొట్టలేదు! వాడు కొట్టాడు, నేను పెనాల్టీ ఇచ్చానంతే!"

"ఓహో. అయితే ఆ కొట్టినవాడెవడో చూపించు."

ఆ ఆటగాడు గోల్‌కీపర్ వెనక నక్కాడు. నవ్వలేక చచ్చాం. కొండ కొండంతా నెలరోజులు నవ్వింది. మగవాళ్లు మూలమూలలా నోటితో ఈల వేసి, "వదినా, గిన్నెలెక్కడ? మా జట్టు ఓడిపోతోంది, రండి రండి!" అని ఆటపట్టించేవారు. మొదట్లో సెనోబియా గారు కూడా నవ్వేవారు. రాను రాను ఆ ఎగతాళి పిల్లలున్న ఆడవాళ్లను బాధించసాగింది. అందుచేత గృహంలో సమావేశం పెట్టి, "మళ్లీ నవ్వులపాలు కావద్దు. ఈల వినపడగానే పరుగెత్తకండమ్మా. ఎటునుంచి వచ్చిందో, ఎవరూదారో ముందు చూసుకోండి, తర్వాత కదలండి" అని తీర్మానం చేయించారు. తీర్మానం వివేకవంతంగానే కనిపించింది. అందరం చేతులెత్తాం.

ఆ తర్వాతి ఫిబ్రవరి నడివేసవిలో ఎండలు మండిపోయాయి. కొళాయి ఎరగని మన కొండకు నీళ్ల ట్యాంకరే దిక్కు. ఆ ఏడాది ట్యాంకర్ హారన్ పాడైపోతే, డ్రైవర్ అబ్దియాస్ మలుపు దగ్గర ఈల ఊది పిలవడం మొదలుపెట్టాడు. రిఫరీ గొడవ తాజాగా ఉన్నా, గొంతెండిపోతున్న జనంలో దాన్ని తప్పుపట్టే ఓపిక ఎవరికీ లేకపోయింది.

చాలా రోజులుగా నీళ్లు రాని ఒక మధ్యాహ్నం పైనుంచి ఈల వినిపించింది. తీర్మానం ప్రకారం అందరూ ముందు చూశారు. కింద మలుపులో దుమ్ము లేపుకుంటూ ట్యాంకర్ వస్తోంది. ఇంకేముంది, అందరూ బకెట్లు పట్టుకుని కిందికి ఉరికారు. కొండగోడలకు తగిలి చప్పుడు ఎటైనా వినిపిస్తుంది కనుక పైనా కిందా అని ఎవరూ అనుకోలేదు. రెండోసారి ఈల మరింత పొడుగ్గా మోగింది. అందరికన్నా ముందు బకెట్ పెట్టిన సెనోబియా గారు, "వస్తున్నాంలే! ఊపిరాడనివ్వవా? ఇవాళేంటి ఇంత తొందర ఈయనకి?" అని విసుక్కున్నారు.

బకెట్ నిండుతుండగా అబ్దియాస్‌ని అదే దెప్పారు. అతను తెల్లబోయాడు. "ఈలా? నేనెక్కడ ఊదానక్కా? పొద్దున ఇంట్లోనే మర్చిపోయొచ్చాను కదా."

నిండిన బకెట్లన్నీ అక్కడే ఒరిగిపోయాయి. చుక్క నేల పడితే పోట్లాడుకునే ఆడవాళ్లు వాలు వెంట పారుతున్న నీళ్లను దాటుకుంటూ మెట్లెక్కి పరుగెత్తారు. పై వరుసలో కాపురముండే ఇరవై ఆరేళ్ల నెలిదా తైపె తన ఇంటి ముందు మెట్ల కింద పడి ఉంది. అప్పటికే ప్రాణం లేదు. నాలుగేళ్ల కూతురు యూలిసా గుమ్మంలో నిలబడి ఉంది. ఈల పాప నోట్లో ఉంది. మొదటిసారి ఊదింది తల్లి, రెండోసారి ఊదింది ఆ పాప.

భర్త తన భార్య మెట్ల మీంచి జారిపడిందన్నాడు. అతని పేరు రాయను. ఈ సంచికలో ఆ పేరుకు చోటు లేదు.

న్యాయస్థానంలో సెనోబియా గారు ముఖ్య సాక్షి. విచారణకు ముందు మన తరఫు న్యాయవాది నచ్చజెప్పాడు, "మీకు ఒక చెవి వినపడదని అందరికీ తెలుసు. ఈల విన్లేదని చెప్పండి. విని కూడా వెళ్లలేదంటే, అక్కడ ప్రమాదమేమీ లేదని అవతలివాళ్లు వాదిస్తారు. లేదంటే కేసు గట్టిగా నిలబడుతుంది." వారు ఒప్పుకోలేదు. "ఆ పసిది ఊదింది బాబూ. నేను విన్లేదంటే అది ఊదనే లేదన్నట్టు కాదూ?" అన్నారు.

బోనులో నిలబడ్డారు. ముద్దాయి తరఫు న్యాయవాది అడిగాడు, "ఈల విన్నారా?"

"విన్నాను."

"మరి వెళ్లలేదేం?"

"నీళ్లకు పోయాను."

"అంటే, జీవితమంతా ఈ పనిలోనే ఉన్న మీకే అది ప్రమాదంగా తోచలేదన్నమాట."

మరణానికి కారణం పడిపోవడమేనని న్యాయస్థానం నమ్మింది. కొట్టినందుకు మాత్రం ఎనిమిదేళ్లు వేసింది. ఆ నిజం చెప్పినందుకు నాకు వారిపై ఎంత కోపమొచ్చిందో చెప్పలేను, ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అబద్ధం ఒక్కటి ఆడి ఉంటే వచ్చే ఏడాది ఆ మనిషి బయటికి వచ్చేవాడు కాదేమో. కానీ యూలిసా మాత్రం ఆ బోనులోంచి వచ్చిన సెనోబియా గారి చెయ్యి పట్టుకుంది, ఈనాటి వరకూ వదల్లేదు. ఏది రైటో మీరే చెప్పండి, నాకు తెలియదు.

అంత్యక్రియల నాడు ఆడవాళ్లు మెడలోని ఈలలు తీసి గృహం వాకిట్లో పారేశారు. సెనోబియా గారు వాటిని ఒక్కొక్కటీ ఏరి, కడిగి, మళ్లీ ఎవరి మెడలో వాళ్లకు వేశారు. మరునాడు మలుపు దగ్గర ట్యాంకర్‌కి అడ్డంగా నిలబడ్డారు. వెనక జనం దాహంతో అరుస్తున్నారు.

"తప్పుకో ముసలమ్మా! పిల్లలు ఎండిపోతున్నారు!"

"నా నోరూ ఎండిపోతోంది. అబ్దియాస్, నువ్వు గంట కొట్టుకో, డబ్బా కొట్టుకో, పాట పెట్టుకో. ఈ కొండ మీద ఈల ఆడదాని ప్రాణానికే."

"అలాగేనక్కా, ఒట్టు" అన్నాడు అతను ఏడుస్తూ. ఆనాటి నుంచి మన కొండకు నీళ్లు గంట మోగిస్తూ వస్తున్నాయి, మైదానంలో రిఫరీలు జెండా ఊపుతున్నారు.

వారు తమ తీర్మానాన్ని తామే రద్దు చేయించారు. "చూసి కదలడాలు లేవిక. విన్నదెవరైనా సరే, ఉన్నచోటే ముందు గిన్నె మోగించండి, తర్వాత పరుగెత్తండి. విన్నారని లోపలున్నదానికి తెలియాలి. నవ్వేవాళ్లు నవ్వనీ. నవ్వులపాలైతే ఎవరూ చావరు." నేడు ఎక్కడ ఈల మోగినా ముందు పక్కింటి గిన్నె, తర్వాత ఆ పక్కది, అలా కొండంతా బదులు పలుకుతుంది. అందరినీ కాపాడామని నేను రాయను. ఆసుపత్రికి మోసుకెళ్లిన వాళ్లున్నారు. అయితే నెలిదా తర్వాత ఈల ఊదిన ఏ స్త్రీకీ బదులు రాకుండా పోలేదు.

నెలిదాకు లిమాలో దగ్గరివాళ్లెవరూ లేరు. కనుక న్యాయస్థానం యూలిసాను సెనోబియా గారికే అప్పగించింది. గడచిన నెలలో ఆ తండ్రి తమ్ముడు మన గేటు దగ్గరికి వచ్చి, "మా అన్న వచ్చేస్తున్నాడు. పిల్లని సిద్ధం చేసి పెట్టు" అన్నాడు.

"సిద్ధంగానే ఉందయ్యా. వచ్చేముందు కిందనుంచి ఓ కేకెయ్యమను. గిన్నెలతో ఎదురొస్తాం" అన్నారు సెనోబియా గారు. అతను పోయాక కుర్చీలో కూలబడి, నీళ్లడిగారు. అలా కూలబడటం చూశాకే నాకు అసలు భయం పట్టుకుంది.

ఎందుకంటే వారికి చక్కెర వ్యాధి ముదిరింది, మూత్రపిండాలు మొరాయిస్తున్నాయి. నిధులిచ్చే సంస్థవారు వయసు నిబంధన చూపించి, మంచిదే కదా, విశ్రాంతి తీసుకుంటారు అంటున్నారు. ఏం విశ్రాంతి, నా మొహం! మొన్న విరమణ వంటకాలు రుచి చూసే నెపంతో వంటగదిలో బెల్లంపాకం పోసిన వేడి గారెలు మూడు లాగించేశారు. యూలిసా పట్టుకుంది.

"అమ్మమ్మా! డాక్టరేం చెప్పాడు?"

"ఆ డాక్టరా? వాడికింకా పాలపళ్లు కూడా ఊడలేదు."

"నువ్వు పోతే నేనెక్కడికి పోవాలి?"

సెనోబియా గారు నోట్లో ఉన్న ముక్కను తీసి చెత్తబుట్టలో వేశారు.

న్యాయస్థానం ఉత్తర్వును నేనే ఎన్నోసార్లు చదివాను. సంరక్షకురాలు ఆయురారోగ్యాలతో ఉన్నంతవరకు బాలిక వారి వద్దనే ఉండవచ్చును, అన్యథా శిక్ష ముగిసిన తండ్రికి హక్కు సంక్రమిస్తుంది. బాలికకు పద్దెనిమిదేళ్లు నిండితే ఎవరి హక్కూ ఉండదు, తన ఇష్టం తనది. సభల్లో మనం అలవాటుగా పలికే ఆయురారోగ్యాలనే మాట ఆ కాగితం మీద అంత బరువుగా ఉంది.

కాబట్టి అక్కా, సభలో ప్రతి ఒక్కరూ మిమ్మల్ని నిండు నూరేళ్లు వర్ధిల్లమని దీవిస్తారు, దీవించనివ్వండి. నేను అంత పెద్ద కోరిక కోరను. ఏడేళ్లు చాలు. మాత్రలు మరిచిపోకండి, ఆసుపత్రికి రమ్మన్న రోజున మోకాళ్ల నొప్పులని సాకు చెప్పకండి, వంటగది వైపు రాకండి. యూలిసాకు పద్దెనిమిది నిండిన మర్నాడు బెల్లంపాకం గారెలు నేనే స్వయంగా వండి తెస్తాను. ఆ పైన నూరేళ్లు బతుకుతారో, కడుపారా తిని పోతారో, మీ ఇష్టం.