కుర్చీ మారి వాదించిన అమర్నాథ్ గారు

2003 ఏప్రిల్ 12, శనివారం. అప్పట్లో ఈ సౌదీ దేశంలో పనివారం శనివారంతోనే మొదలయ్యేది. అనంతపురంలో అర్థశాస్త్ర అధ్యాపక పదవిని వదులుకొని వచ్చిన ఒక బక్కపలచని మనిషి, ఆ ఉదయం బతా బస్తీలోని అద్దెగది నుంచి కంపెనీ బస్సులో వచ్చి, రియాద్‌లోని మన ప్రాంతీయ అధ్యయన కేంద్రంలో సహాయ విశ్లేషకులుగా బాధ్యతలు స్వీకరించారు. వారే నేడు ప్రధాన విశ్లేషకులుగా పదవీ విరమణ చేస్తున్న శ్రీ అమర్నాథ్ గారు. ఈ వీడ్కోలు సంచికలో వారి ప్రశస్తి అరబిక్‌లోనూ ఇంగ్లిషులోనూ ఎంత ఉన్నా, మనిషిని ఉన్నదున్నట్టు చూపించడానికి తెలుగు పుట ఒకటి ఉండి తీరాలని పట్టుబట్టినవారు వారి చిరకాల సహచరులు, రాయచోటి వాస్తవ్యులు శ్రీ నౌమాన్ గారు. ఆ మంకుపట్టు ఆయన ఎవరి దగ్గర నేర్చారో వేరే చెప్పాలా!

తొలి సంవత్సరాలలో అమర్నాథ్ గారు అల్ ఖర్జ్ పాడి క్షేత్రాల నీటి వినియోగంపై చేసిన అధ్యయనం మన కేంద్రానికి తొలి గౌరవాన్ని సంపాదించిపెట్టింది. రెండేళ్లకు సతీమణి శ్రీమతి శ్రీలేఖ గారూ, కుమార్తె చిరంజీవి రిషితా వచ్చాక వారి మధ్యాహ్న భోజనానికి కళ వచ్చింది. చెనిక్కాయల, అంటే వేరుశనగ, పచ్చడి డబ్బా తెరిస్తే సగం కార్యాలయం ఆ బల్ల దగ్గరే తేలేది. వాదనలోకి దిగితే మాత్రం అమర్నాథ్ గారు పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నాలుగో కాలు చూపించిన వారికి ఆ పూట పచ్చడి లేదు.

తన మొండితనం తనకు తెలిసిన విజ్ఞులు కనుకనే, విభాగాధిపతి అయిన మొదటి ఏడాదే దానికి మందు కూడా వారే కనిపెట్టారు. అదే మన 'కుర్చీ మార్పు'. ఏ నివేదికైనా బయటికి వెళ్లే ముందు, భిన్నాభిప్రాయం గల ఇద్దరూ వారాంతపు సమావేశంలో ఒకరి కుర్చీలో ఒకరు కూర్చోవాలి. ఎదుటివారి పక్షాన్ని తనదిగా వాదించాలి. "ఔను, నా మాట ఇదే, నాకంటే బాగా చెప్పినావు" అని ఎదుటివారు ఒప్పుకొనేదాకా లేవకూడదు. కొత్తగా చేరినవారికి ఇది పిల్లలాటలా తోచేది. ఒకసారి కూర్చుని చెమటలు కక్కాక ఎవరూ నవ్వలేదు.

ఆ నియమానికి అగ్నిపరీక్ష 2017లో వచ్చింది. తీరదేశాల సమాఖ్యలో పొరుగు దేశాన్ని చేర్చుకోవాలా, వద్దా అన్న ప్రశ్నపై సలహా నివేదిక తయారుచేసే బాధ్యత మన కేంద్రానికి దక్కింది. ఆ దేశం పేరు రాయకపోవడం మన కార్యాలయ మర్యాద. పొరుగు దేశమనే అందాం. దాని సముద్ర సరిహద్దు వివాదాస్పదం. కొన్ని దీవులు తమవని అదీ, కావని సమాఖ్యలోని ఒక సభ్యదేశమూ పట్టుబట్టి తరాలు గడిచాయి. నడుమ నలిగిపోతున్నది ఆ దీవుల జాలర్లు. వల వేసిన ప్రతిసారీ ఎవరి పడవ వచ్చి పట్టుకుపోతుందో తెలియని బతుకు వారిది.

చేర్చుకోరాదన్నది అమర్నాథ్ గారి నిశ్చితాభిప్రాయం. చేర్చుకోవాలన్నది నౌమాన్ గారి పక్షం.

"గట్టు తగువు తీరకముందే పొత్తు సేద్యమేందప్పా?" అని అమర్నాథ్ గారు. "ఈ పొద్దు చేర్చుకుంటే ఇంగ వాళ్లు తగువెందుకు తీర్చుకుంటారు? మన చేతిలో ఉండే పగ్గం అదొక్కటే కదా!"

"బయట ఎండలో నిలబెడితే తీరుతుందా అన్నా?" అని నౌమాన్ గారు. "ఇన్నేండ్లు నిలబెట్టినారు కదా, ఏం తీరింది? లోపలికి పిలిచి కూచోబెడితేనే కదా మాట్లాడేది. తలుపు మూసే కొద్దీ ఆ తగువు మింద బతికేటోళ్లకే లాభం."

మాట మాట పెరిగింది. అన్నదమ్ముల్లా మెలిగినవారు ఉప్పూనిప్పూ అయ్యారు. పచ్చడి డబ్బా సగం నిండుగానే ఇంటికి తిరిగిపోసాగింది. కారణం అడిగిన శ్రీలేఖ గారికి "కారమెక్కువైంది" అని అమర్నాథ్ గారు చెప్పిన అబద్ధం ఆ ఇంట్లో ఇప్పటికీ ఒక సామెత.

సమాఖ్య ప్రతినిధి వర్గం ఎదుట నివేదిక సమర్పించవలసిన రోజు ఉదయమే, నౌమాన్ గారి సతీమణి అనమ్ గారికి అత్యవసర శస్త్రచికిత్స అవసరమైంది. ఆసుపత్రి నుంచి నౌమాన్ గారు ఫోన్ చేశారు. కోపం చేసుకున్న అన్నకే చేశారు, గమనించండి.

"అన్నా, నేను రాలేను. నా పక్షం ఎవురు మాట్లాడతారు?"

"ముందు అనమ్‌ను చూసుకో. ఈడ సంగతి నాకిడిచిపెట్టు," అన్నారు అమర్నాథ్ గారు.

సంచాలకుల వారు సానుభూతితో ఒక సులువైన దారి చూపారు: నౌమాన్ గారి సారాంశం క్లుప్తంగా చదివించి సరిపెడదామన్నారు. అమర్నాథ్ గారు తల ఊపితే చాలు, తాను నమ్మినదే నెగ్గేది. ఆ ఆశ తనకు కలగలేదని వారు ఎన్నడూ బుకాయించలేదు. మనిషన్నాక కలగదా!

అయినా తన పక్షాన్ని కుండబద్దలు కొట్టినట్టు వినిపించి ముగించాక, వారు లేచి, బల్ల చుట్టూ నడిచి, నౌమాన్ గారి కుర్చీలో కూర్చున్నారు. ప్రతినిధులు చతురోక్తి అనుకొని నవ్వారు. ఆ నవ్వు ఆగేసరికి, అంతకుముందు తాను కట్టిన వాదాన్ని ఇటుక ఇటుకగా ఊడదీయడం మొదలుపెట్టారు. గట్టు తగువు ఉపమానాన్ని సైతం వదలలేదు: గట్టు మీద నిలబడిన వాడికి రెండు చేలల్లోనూ చోటు లేకుండా చేయడం ఏ సేద్యధర్మమని తనను తానే నిలదీశారు. ఒక ప్రతినిధి ఆగలేక, "ఇంతకీ మీ అభిప్రాయమేమిటి?" అని అడిగారు.

"నా అభిప్రాయం ఆ కుర్చీలో చెప్పేశాను, దానికి కట్టుబడే ఉన్నాను. ఈ కుర్చీలో ఉన్నంతసేపు నేను నౌమాన్‌ను," అన్నారు అమర్నాథ్ గారు.

ఫలితం మనందరికీ తెలిసినదే. సంపూర్ణ సభ్యత్వం సరిహద్దు తేలాకనే గానీ, మత్స్య, వైద్య, విద్యా సంఘాలలో పొరుగు దేశానికి వెంటనే స్థానం కల్పించాలని సమాఖ్య ప్రతినిధి వర్గం ఆ పూటే నిర్ణయించింది. ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో, అనమ్ గారు క్షేమమని తెలిశాక, అమర్నాథ్ గారు పక్కన కూర్చుని, "గెల్చినావప్పా, వాళ్లను లోపలికి పిలిచినారు," అన్నారు.

"మరి నువ్వు?"

"ఓడినాను. ఊరికే ఓడలే, నా నోటితోనే ఓడినాను," అని నవ్వబోయారు గానీ కళ్లు సహకరించలేదు. నౌమాన్ గారు పచ్చడి డబ్బా తెమ్మన్నారు, అంతే.

మత్స్య సంఘంలో పొరుగు దేశం చేరాక దీవుల జాలర్లకు ఇరుపక్షాల అనుమతి పత్రాలు అందాయి. అది చూసి అందరికంటే ఎక్కువ మురిసినవారు ఆ నిర్ణయాన్ని వ్యతిరేకించిన అమర్నాథ్ గారే. మన కేంద్రం గర్వించదగినది ఆ నివేదికకు వచ్చిన ప్రశంస కాదు. ఓడిపోతానని తెలిసీ ఎదుటివాడి మాటను ఒక్క అణువైనా తగ్గించని ఈ నిజాయితీ.

ఇప్పుడు సంపూర్ణ సభ్యత్వ ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. ఒక దీవి వివాదం నేటికీ తేలలేదు. విభాగంలో అందరూ చేర్చుకోవాలనే ఉత్సాహంలో ఉన్నారు. దేశం విడిచి వెళ్లే ఫైనల్ ఎగ్జిట్ కాగితాలు చేతికొచ్చినా అమర్నాథ్ గారికి నిద్ర పట్టనివ్వనిది ఇదే. వద్దన్నది తన పక్షమన్న మమకారం కాదు. వద్దనే మాట సరిగా చెప్పేవారే లేకుండా అంత పెద్ద నిర్ణయం జరిగిపోతుందేమోనన్న బెంగ.

గత గురువారం, తమ చివరి సమావేశంలో, తమ కుర్చీ వెనుక నిలబడి వారు అడిగారు: "నేను పోతే ఈడ ఎవురు కూచుంటారప్పా?"

ఎవరూ కదల్లేదు. అప్పుడు నౌమాన్ గారు లేచారు. సభ్యత్వం కోసం ఇన్నేళ్లుగా అలుపెరుగక వాదిస్తున్న అదే నౌమాన్ గారు బల్ల చుట్టూ నడిచి వచ్చి, అమర్నాథ్ గారి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"వద్దనే అధ్యాయం నేను రాస్తాన్నా. నా నోరు నేనే మూయించే మాదిరి రాస్తా. నువ్వు 'ఔను, నా మాట ఇదే' అనేదాకా ఈ కుర్చీలోంచి లేయను."

అమర్నాథ్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అట్లయితే నేను నూరేండ్లు ఉండాల్సిందే కదప్పా," అన్నారు. "అంత సులువుగా ఒప్పుకుంటానా!"

తథాస్తు. శ్రీలేఖ గారి సాహచర్యంలో, రిషిత పిల్లలతో వాదించి ఓడిపోతూ, శ్రీ అమర్నాథ్ గారు సంపూర్ణ ఆరోగ్యంతో ఆ నూరేళ్లూ నిండుగా జీవించాలి. వారు తిరిగి వెళ్తున్న అనంతపురానికే నౌమాన్ గారి అధ్యాయం చేరుతుంది. అమర్నాథ్ గారు అంత తొందరగా ఒప్పుకోకూడదనే మా అందరి ప్రార్థన.