పొయ్యి మీద వెనక గిన్నె

టెనెసీ కొండల్లో, వెల్డా పోయాక వచ్చిన మొదటి చలికాలం. ఆమె భర్త ఇనప పెనం మీద సాసేజీ వేయిస్తున్నాడు. పక్కనే బంగాళాదుంప ముక్కలు అడుగంటి మాడుతున్నాయి. వెల్డా చెల్లెలు తలుపు తోసుకుని వచ్చింది.

“కంపు గేటు దాకా కొడుతోంది బావా! ఇల్లు తగలెడుతున్నావా ఏంటి?”

“నాలుగు రోజులుగా ఇదే వరస. మీ అక్క చేసినట్టు దుంపల వేపుడు ఒక్కసారి తినాలని నా ఆశ. ఆవిడది పైన కరకర, లోన వెన్న. నాది పైన బొగ్గు, లోన పచ్చి.”

“దుంపలు ఎప్పుడు ఉడకబెట్టావు?”

“ఉడకబెట్టడమేంటి? పొద్దున్నే తరిగి పెనంలో పడేసేది. పది నిమిషాల పని. కళ్ళారా చూశాను.”

“నువ్వు చూసింది పొద్దుటి పనే. ముందురోజు సాయంత్రమే ఉడికించి చల్లార్చేది. చల్లారిన దుంపే చక్కగా వేగుతుంది.”

అతను అట్లకాడ పక్కన పెట్టి, పొయ్యి వెనకవైపు చూశాడు.

“పొయ్యి మీద వెనకవైపు రోజూ సాయంత్రం ఓ గిన్నె కుతకుతలాడేది. పందుల కుడితి అనుకున్నాను.”

“నలభై ఏళ్ళూనా?”

“నలభై రెండు. పాలు పితికొచ్చి, ‘ఇంకా వంటింట్లో ఏం చేస్తున్నావే, వచ్చి కూర్చో’ అని విసుక్కునేవాణ్ణి.”

“అక్క ఏమనేది?”

“‘పొద్దున చెబుతాలే’ అనేది. పొద్దున నేను తినడంలో పడి, అడగడమే మరిచిపోయేవాణ్ణి.”