తక్కువ తినే భోక్త

హలో… ఆఁ, నేనేనండీ వదినగారూ, సుధామయిని. ఫోను మీ తమ్ముడిదే. చార్జింగుకి పెట్టి బయటికెళ్ళారు…

నడకకి.

నడకేనండీ. రోజూ వెళతారు…

ఏ ఫోటో?… ఓ, గంపలగూడెం గృహప్రవేశానిదా! స్టేటస్‌లో పెట్టారా వాళ్ళు?… లేదు లేదు, చిక్కారు కానీ జబ్బేం లేదు. ఒట్టు…

సుగరు కాదు — కాదండీ, అది అసలే కాదు. ఛ, అంత మాటెందుకు పొద్దున్నే…

నేను కడుపు మాడుస్తున్నానా?… ఎవరన్నారు?… ఎవరూ అనక్కర్లేదా, మొహం చూస్తే తెలుస్తోందా. బాగుంది.

వదినగారూ, ఒక్క నిమిషం. మీరు అరిచినంతసేపూ నేను విన్నాను కదా. ఇప్పుడు నన్ను చెప్పనివ్వండి. మీ తమ్ముడు ఇవేవీ మీకు చెప్పరు. సిగ్గు.

పోయిన వైశాఖంలో అంకారావు గారబ్బాయి నవదీప్ పెళ్ళి ఈయనే చేయించారు… ఆఁ, ఆ మామిడితోటల వాళ్ళే. అరుంధతిని చూపించటానికి అందరూ లేచారు. మీ తమ్ముడు లేవలేకపోయారు. పీట మీద చెయ్యి ఆనించి ఒకసారి ప్రయత్నించారు, ఇంకోసారి ప్రయత్నించారు… ఊహూఁ. ఒక చెయ్యి పెళ్ళికొడుకు పట్టుకున్నాడు, ఇంకో చెయ్యి పెళ్ళికూతురు పట్టుకుంది. ఇద్దరూ కలిసి మొట్టమొదట చేసిన పని మీ తమ్ముణ్ణి లేపటం.

నవ్వండి, నవ్వండి. తిరువూరంతా నవ్వింది. వీడియో తీసేవాడు ఆ ముక్క ఒక్కటీ కత్తిరించి, పాట పెట్టి వదిలాడు. బస్టాండులో పళ్ళమ్మే ఆవిడ కూడా చూసింది…

అక్కడ ఈయన కూడా నవ్వారట. ఇంటికొచ్చాక మాత్రం ‘సుధా, నేను తగ్గాలి’ అన్నారు. అంతే.

అక్కడికొస్తున్నా. తగ్గటం అంటే ఈయనకి తెలిసింది తినటం మానటం ఒక్కటే. దానికి తోడు గిరిబాబు దొరికాడు… మీకు తెలీదు. పురుగుమందుల షాపు. చేలోకి బలం మందు, మనిషికి సన్నబడే పొడి, రెండూ ఒకే బల్ల మీద పెట్టి అమ్ముతాడు. పొద్దున గ్లాసుడు పొడి, రాత్రి గ్లాసుడు పొడి, మధ్యలో కీరా ముక్కలు. నేను మొత్తుకున్నాను. ‘ఋషులు గాలి తిని బతికారు’ అన్నారు. ఋషులకి పెళ్ళాలు చెప్పి ఉండరు.

ఏమవుతుంది? పడిపోయారు.

అయ్యో, కంగారు పడకండి, అయిపోయిన కథ ఇది. ఇక్కడే, ఓ కొత్తింట్లో హోమం చేయిస్తూ, కూర్చున్నవారు కూర్చున్నట్టే పక్కకి ఒరిగారు. వాళ్ళేమనుకున్నారో తెలుసా?… కాదు. దేవుడు ఒంటి మీదికి వచ్చాడనుకున్నారు! హారతి ఇచ్చారండీ. ఆ ఇంటావిడ చేతులు జోడించి, మా వాడికి ఉద్యోగం ఎప్పుడొస్తుంది స్వామీ అని అడుగుతోంది. ఈయన ‘మజ్జిగ… మజ్జిగ…’ అంటున్నారు. మజ్జిగతో అభిషేకం అడుగుతున్నాడని ఒకాయన బిందె తీసుకుని పరిగెత్తాడు.

మా పక్కింటి జోజమ్మ, నర్సు, ఆ గృహప్రవేశానికే వచ్చి ఉంది కాబట్టి సరిపోయింది. అందర్నీ జరిపి, తల వాల్చి పడుకోబెట్టి, తేరుకున్నాక మజ్జిగ తాగించింది. ‘దేవుడు కాదు, ఆకలి’ అందట. ఆ ఇంటావిడకి ఇప్పటికీ నమ్మకం కుదర్లేదు.

మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. అదీ నేనే తీసుకెళ్ళానండీ, కడుపు మాడ్చేదాన్ని…

సరే, అనను.

కొలిచింది, రక్తం తీసింది, చూసింది. కాలేయానికి కొవ్వు పట్టిందంది. బీపీ ఉందంది. సుగరు గడప దాకా వచ్చి నిలబడిందంది. ఈయన తల వంచుకుని, ఏం మానెయ్యమంటారమ్మా అని అడిగారు. ‘ముందు ఆ పొడి మానెయ్యండి. మూడు పూటలా అన్నం తినండి’ అంది ఆవిడ!

అవును. తినమంది. కాకపోతే ఇన్నాళ్ళూ మనింట్లో అన్నం కొండంత, కూర నంజుకునేటంత. దాన్ని తిరగేయమంది. కూర ఎక్కువ, పప్పు, పెరుగు, అన్నం కొంచెం. తీపి ఎప్పుడో ఒకప్పుడు. వేగిరపడొద్దు, నెలకి కిలో రెండు కిలోలు తగ్గినా చాలంది. ‘సన్నబడటానికి కాదండీ, ఇంకొన్నాళ్ళు ఉండటానికి’ అంది. రోజూ నడవమంది…

ఆ నడక గురించి మీరు వినాలి.

పంచె కట్టుకుని, మొహాన విబూదితో, చేతిలో సంచీ లేకుండా విసవిసా నడిచే పంతుల్ని ఈ ఊరు ఎప్పుడు చూసింది? ప్రతి బండీ ఆగేది. ‘ఎక్కండి స్వామీ, ఎక్కడ దింపమంటారు?’ వద్దంటే కోపం. ఎక్కితే నడక లేదు. మొదటి రోజు నడవటానికని బయల్దేరి, బండెక్కి, ఎవరింట్లోనో ఉప్మా తిని వచ్చారు.

పోనీ ఊరి బయటికెళితే ఇంకో తంటా. ఒంటి బ్రాహ్మడు ఎదురు రాకూడదంటారు కదా… ఆఁ, అదే. మామిడికాయల లోడుతో వెళ్ళే ఆటో ఈయన్ని చూసి ఆగిపోయింది. డ్రైవరు దిగి, ఇంత నీళ్ళు తాగి, చెట్టు కింద కాసేపు కూర్చుని అప్పుడు కదిలాడు. ఆ ఆటోకి పూజ చేసి నిమ్మకాయలు తొక్కించింది ఈయనే! ఊరందరికీ ముహూర్తాలు పెట్టే మనిషి, బండి చప్పుడైతే గోడ చాటుకి తప్పుకోవటం మొదలుపెట్టారు. ఇంటికొచ్చి చెప్పుకుని నవ్వేవారు. నాకు మాత్రం ఏడుపొచ్చేది.

ఇమ్మాన్యుయేల్ గారే గట్టెక్కించారు. స్కూల్లో ఆటల మాస్టారు. ‘ఇద్దరం నడిస్తే ఒంటి బ్రాహ్మడు ఎలా అవుతారు పంతులుగారూ, రండి’ అని గ్రౌండుకి తీసుకెళ్ళారు. నడక, ఆ తర్వాత ఏవో కూర్చుని లేచేవి. ‘ఇవి గుంజీళ్ళే కదా మాస్టారూ, వినాయకుడి ముందు తీయించేవి’ అని ఈయన. సూర్యనమస్కారాలు నేర్పింది కూడా ఆయనే…

ఆఁ, చర్చికెళ్ళే ఇమ్మాన్యుయేల్ గారే. అందులో తప్పేముంది? మీ తమ్ముడు నోటితో సూర్యుడికి నమస్కారాలు చెప్పటం మొదలెట్టి ముప్ఫయ్యేళ్ళయింది. ఒంటితో ఒక్కటీ చేయలేదు. ఆ మాట ఈయనే అన్నారు.

మెల్లగా తగ్గారు. ఆయాసం పోయింది. గురక పోయింది. మొన్న పీట మీంచి లేవటం చూశాను, చెయ్యి ఆనించలేదు…

ఉండండి, అసలు బాధ ఇక్కడే మొదలైంది. పెళ్ళిళ్ళలో ఎంత తిన్నావని పంతుల్ని ఎవరూ చూడరు. ఆబ్దికాల సంగతి అలా కాదు కదా. భోక్తగా కూర్చున్నాక, ఈయన తింటే పోయిన పెద్దలు తిన్నట్టు. చాలంటే వాళ్ళకి చాలలేదన్నట్టు.

వెంకటాద్రి గారు… రిటైరైన హెడ్మాస్టరు, మనవాళ్ళే. వాళ్ళమ్మగారి ఆబ్దికం. ఈయన అన్నీ తిన్నారు. గారె తిన్నారు, పరమాన్నం తిన్నారు, దేన్నీ కాదనలేదు. కాకపోతే కొంచెం కొంచెం. రెండోసారి గారెలు తెస్తే వద్దన్నారు. ‘ఇంకొక్కటి’ అన్నారాయన. వద్దన్నారు. ‘మా అమ్మకి గారెలంటే ప్రాణం శ్రీనాథూ’ అన్నారు. అయినా వద్దన్నారు. ‘తృప్తి అయిందా?’ అని అడగాలి కదా చివర్న… అడిగారు. అయిందన్నారు ఈయన. ‘నాకు కాలేదు’ అని లేచి లోపలికెళ్ళిపోయారట వెంకటాద్రి గారు.

ఊరంతా చెప్పారు. శ్రీనాథ్ విస్తరి ముందు కూర్చుని డైటింగ్ చేస్తున్నాడని. మా అమ్మ ఆకలితో వెళ్ళిపోయిందని…

తప్పే అంటారా?… నేనూ అలాగే అనుకున్నాను మొదట్లో. అబద్ధమెందుకు.

పిలుపులు ఆగిపోయాయండీ. ఆబ్దికానికి ఎవరూ పిలవలేదు. ఎ.కొండూరు నుంచి ఒక కుర్రాయన్ని పిలిపించుకోవటం మొదలెట్టారు. మనిషి భారీగా ఉంటాడు, విస్తరి ఖాళీ చేస్తాడు, చూడటానికి ముచ్చటగా ఉంటుందని. ఒకాయనైతే, ఎదురుపడి ‘మీ నాన్నగారి పేరు చెడగొడుతున్నావయ్యా’ అన్నాడు. ఆ రోజు వచ్చి నన్ను అడిగారు, ‘మళ్ళీ మామూలుగా తిననా సుధా?’ అని…

నేనేమన్నానా?… విస్తట్లో అన్నం మళ్ళీ కొండంత పెట్టాను. ఇల్లు గడవాలి కదా.

ఈయన విస్తరి వైపు చూసి, ‘ఊఁ’ అని లేచి గ్రౌండుకి వెళ్ళిపోయారు.

తర్వాతా? తర్వాత జరిగింది మగవాళ్ళెవరికీ ఇప్పటికీ అర్థం కాలేదు. వెంకటాద్రి గారి నాన్నగారి తిథి వచ్చింది. ఎ.కొండూరు ఆయన్ని పిలుద్దామన్నారాయన. రమాసుందరి గారు… ఆయన భార్య… తెల్లారకముందు లేచి, తడిబట్టతో, మడి కట్టుకుని, బుట్టెడు గారెలు వండేది ఆవిడ కదా! ‘ఆ అబ్బాయికి వండాలంటే మీరే వండుకోండి. శ్రీనాథ్‌ని పిలిస్తే నేను వండుతాను’ అందిట. నోరు మూసుకుని ఫోన్ చేశారు ఆయన.

ఇప్పుడు ఊళ్ళో కోడళ్ళందరూ మీ తమ్ముణ్ణే పిలవమంటున్నారు. పొయ్యి తొందరగా ఆరుతుందని! పైకి మాత్రం, శ్రీనాథ్ గారు మంత్రం స్పష్టంగా చెబుతారండీ, ఆయాసం లేదండీ అంటారు. అదీ నిజమేననుకోండి…

లేదు, లేదు, మన ఆచారం పాడుచేయలేదు. ఏ ఒక్కటీ మానలేదు. అన్నీ వండుతున్నారు, అన్నీ వడ్డిస్తున్నారు. కొసరి చంపటం ఒక్కటే తగ్గింది.

…ఏమన్నారు?

మామయ్యగారు తినలేదా అనా?

తిన్నారు వదినగారూ. ఆయన తిండి గురించి నేను కాపురానికొచ్చిన మొదటిరోజు నుంచీ వింటున్నాను. నెమలి ఊరి వాళ్ళు వచ్చి మరీ పిలుచుకెళ్ళేవారని, విస్తరి ముందు కూర్చుంటే చుట్టూ జనం నిలబడి చూసేవారని… ఔను. ఔను. మీరు గర్వంగా చెబుతారు, అందులో తప్పేం లేదు.

ఒకటడగనా? కోపం తెచ్చుకోకూడదు.

ఆయన పోయినప్పుడు ఎంత వయసు?

……

యాభై రెండు. ఆబ్దికం భోజనం చేసొచ్చి, వసారాలో నడుం వాల్చి, మళ్ళీ లేవలేదు. చూడటానికి వచ్చినవాళ్ళంతా ఏమన్నారో మీకూ గుర్తుండే ఉంటుంది… ఆఁ, అదే. ‘పుణ్యాత్ముడు, కడుపునిండా తిని పోయాడు’ అన్నారు. మీ తమ్ముడు అప్పుడు కాలేజీలో చేరలేదు కూడా.

వచ్చే కార్తీకానికి మీ తమ్ముడికి యాభై రెండు వస్తాయి.

……

వదినగారూ… లేదు, మిమ్మల్ని బాధపెట్టాలని కాదు…

పోయిన గురువారం మామయ్యగారి ఆబ్దికానికి మీరు మోకాళ్ళ నొప్పులతో రాలేకపోయారు కదా. భోక్తగా ఎవరొచ్చారో చెప్పలేదు మీకు. ఎ.కొండూరు కుర్రాయనే. ఈయనే పిలిచారు… ఎందుకంటే ఏం చెప్పను? పిలిచారు.

పాపం, మంచివాడు. ముప్ఫయ్యేళ్ళు కూడా ఉండవు. పీట మీద కూర్చోవటానికే ఆయాసపడ్డాడు. నేను గారెలు వడ్డించాను. తిన్నాడు. మళ్ళీ వడ్డించాను. తిన్నాడు. చెమటలు పోస్తున్నాయి. అయినా చెయ్యి ఆపటం లేదు, మనం ఏమనుకుంటామోనని. మూడోసారి నేను పళ్ళెం పట్టుకుని వంగితే, మీ తమ్ముడు నన్ను ఆపారు.

చేతులు జోడించి ఆ అబ్బాయితో అన్నారు, ‘స్వామీ, తృప్తిగా ఉంటే చాలు అనండి. మా నాన్నగారి నోటి నుంచి ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ఒక్కసారి వినాలనుంది’ అని.

……

ఆ అబ్బాయా?… చేతిలో ఉన్న గారె ముక్క విస్తట్లో పెట్టేశాడు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, ‘చాలు నాయనా’ అన్నాడు.

నాయనా అనే అన్నాడండీ. ఈయన కంటే ఇరవయ్యేళ్ళు చిన్న…

మీ తమ్ముడు అక్కడే సాష్టాంగం పడ్డారు. చాలాసేపు లేవలేదు. నేను భయపడి దగ్గరికెళ్ళాను. లేవలేక కాదు వదినగారూ…

వదినగారూ?

ఉన్నారా?… వినపడుతోందా…

ఏడవకండి. అయ్యో… నీళ్ళు తాగండి ముందు. ఎవరూ లేరా ఇంట్లో?… ఇదుగో గేటు చప్పుడైంది, వచ్చినట్టున్నారు. ఇస్తాను, ఉండండి…

ఏమండీ, మీ అక్కయ్యగారు — హలో?… హలో…

పెట్టేశారు.

ఏం లేదండీ, మీ ఫోటో చూశారట. చెమట తుడుచుకోండి ముందు. మళ్ళీ చేస్తారు. ఈసారి మీరే ఎత్తండి.