చెరువు గండికి జనార్దన్ అంగీ

మా చాయ్ హోటల్ తంగళ్ళపల్లి బస్టాపు కాడ ఉంటది. ఆ దినం పొద్దుగాల జనార్దన్ అచ్చిండు గని బెంచి మీద కూసోలేదు. చాయ్ పొయ్యనా అంటే వద్దన్నడు. సీదా బెంచి మీదున్న బాలకిషన్ కాక ముందట పోయి నిలబడ్డడు.

"కాకా, నా అంగీ ఏది?"

జనార్దన్ సిరిసిల్లల బట్టలు నేసే సాంచలు నడుపుతడు. మంచోడు, తాగుడు లేదు, కని సాంచలు నడిపేటోనికి పిల్లనియ్యమని మొకం మీదనే చెప్పిండ్రు శానమంది. ఈసారి మెట్‌పల్లికెల్లి ఒక సంబంధం అచ్చింది, పిల్లను చూసిపొమ్మన్నరు. అందుకని సేటును బతిమాలి, తనే సాంచ మీద నేసుకున్న లేత నీలం బట్ట తెచ్చి కాకకు ఇచ్చిండు, అంగీ కుట్టుమని.

కాక గూడ సాంచల మీద బతికినోడే. పని తక్కువైనంక, ఇంట్ల ఆయన పెండ్లాం సత్యవ్వ చిన్నమ్మ కుట్టు మిషిన్ మూలకుంటే ముందటికి గుంజుకొని, ఫోన్ల ఫ్రీగ అచ్చే వీడియోలు చూసి కుట్టుడు నేర్చుకున్ననని ఊరంత చెప్పుకుంట తిరిగిండు. జనార్దన్ నమ్మిండు. పగటి బస్సుకు పోవాలె, అంగీ ఇంక చేతికి రాలే.

"కూసో, చెప్త" అన్నడు కాక. "అంగీ సంగతి చెప్పాలంటె, నేను కుట్టుడు ఎట్ల నేర్చిన్నో ముందు చెప్పాలె."

"అంగీ ఇయ్యి కాకా. కత తర్వాత."

"కతనా ఇది? సంగీతా, ఈనికి చాయ్ పొయ్యి బిడ్డా, నాకు గూడ పొయ్యి."

పోసిన. బెంచి కొసకు బస్సు కోసం కూసున్న ఒక పెద్దమనిషి, ఎవలో కొత్తాయన, ఆయనకు గూడ పోసిన. కాక మొదలుపెట్టిండు.

"చూడు జనార్దన్, మనం పుట్టినకాడికెల్లి బట్ట నేసుడే గని కుట్టుడు ఎరుగం. పని బందైనప్పుడు నేనేమనుకున్న? గిన్ని తాన్లు నేసినోన్ని, ఒక్క దిండు గలీబు కుట్టలేనా అనుకున్న. ఫోన్ తీసిన. అండ్ల ఒక అక్క ఉంటది, 'భయపడకుండ్రి, మెల్లగ తొక్కుండ్రి' అని చెప్తది. ఫీజు లేదు, హాజరు లేదు, తప్పయితే తిట్టుడు లేదు. ఎనుకకు జరుపుకుంటే మల్ల మొదటికెల్లి గంతే ఓపికగ చెప్తది, కన్నతల్లి గూడ గట్ల చెప్పది. ఫస్టు దిండు గలీబు కుట్టిన. దిండు పట్టింది. నిజమా కాదా, సంగీతా, నువ్వు చూసినవ్ గద?"

"చూసిన" అన్న. నాలుగు దిక్కుల కుట్టేసి, దిండు ఎక్కిచ్చేకాడ ఖాళీ ఇడుసుడు మర్సిపోతే చిన్నమ్మ ఒక దిక్కు విప్పింది. కని పట్టిందైతే నిజమే.

"ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? కాలు అలవాటు పడ్డది. సాంచ చప్పుడు ఇన్న కాలు అది, మెల్లగ తొక్కుమంటే ఇంటదా? నేను సత్యవ్వకు లంగా కుడుతుంటే, మిషిన్ చక్రం గాలికి మీదున్న ఫ్యాన్ తిరగవట్టింది. కరెంటు లేదు ఆ టైంల. పక్కింటోళ్ళు అచ్చి మా గోడకు ఈపు పెట్టి కూసున్నరు, సల్లగున్నదని."

"మిషిన్ గాలికి ఫ్యాన్ తిరిగిందా?" అన్న నేను.

"తిరిగింది. నేను తొక్కుడు ఆపినంక గూడ శానసేపు తిరిగింది. ఇగ ఒక దినం, వీడియోల అక్క పిల్లల గౌను కుడుతున్నది, నేను గూడ కుడుతున్న. ఆమె కంటె ముందు నాది అయిపోయింది. ఆమె ఆగింది. సూది మీదికెల్లి కండ్లు లేపి నా దిక్కు చూసి, 'అన్నా, జర మల్లొకసారి చూపెడ్తవా' అన్నది."

"వీడియోలకెల్లా?" అన్నడు జనార్దన్. పరేషాన్ల ఉండి గూడ అడగకుండ ఉండలేకపోయిండు.

"వీడియోలకెల్లే. ఆ దినం నెట్ మంచిగున్నది. ఆమెనే నలుగురికి చెప్పినట్టున్నది, జగిత్యాల దిక్కుకెల్లి ఫోన్ అచ్చింది. గాలివానకు ఒక తోటల మామిడికాయలన్ని రాలినయట, తోటాయన ఒక్కటే ఏడుసుడు. మిషిన్ బస్సుల ఏసుకొని పోయిన. ఏ కాయ ఏ తొడిమెదో చూసుకుంట, పచ్చదారంతోని అన్ని మల్ల చెట్టుకు కుట్టిన. కుట్టు కనవడద్దని లోపలికెల్లి ఏసిన. కాయ పండేటాల్లకు దారం గూడ పసుపుపచ్చగ పండింది. తిన్నోళ్ళు ఒక్కలు గూడ పీచున్నదనలే."

"చెట్టు మీదికి మిషిన్ ఎట్ల ఎక్కిచ్చినవ్?"

"మిషిన్‌కు కాళ్ళుంటయ్ గదనే బిడ్డా. ఇగ అచ్చేటప్పుడు, కోరుట్ల దాటినంక బస్సు టైర్ పలిగింది. డ్రైవర్ ఆపుతనన్నడు. ఆపకు, తిరుగుతుంటేనే కుట్టు వరుసగ పడ్తది అన్న. కిటికిలకెల్లి ఒంగి—"

"అంగీ" అన్నడు జనార్దన్.

"అంగీ కాడికే అస్తున్న. ఆ బస్సు రుద్రంగి కాడ ఆగింది. ఎందుకాగింది? చెరువు కట్ట తెగింది! గండి ఎంతున్నది, లారీ పట్టేంతున్నది. నీళ్ళు ఒర్రుకుంట పొలాల మీదికి పోతున్నయ్. ఊరోళ్ళు ఇసుక సంచులు ఏసిండ్రు, కొట్కపోయినయ్. టార్పాలిన్లు కట్టిండ్రు, పేలికలైనయ్. నేను దిగిన. చంకల సంచి. సంచిల ఏమున్నది? నీ బట్ట."

"నా బట్టనా?"

"నీదే. తొవ్వల కుడ్దామని పెట్టుకపోయిన. అప్పుడు నేననుకున్న, ఇది మా జనార్దన్ నేసిన బట్ట, చెరువు తెగుతది గని దీని పోగు తెగది. ఒక కొస ఈ ఒడ్డుకు పట్టిచ్చిన, ఒక కొస ఆ ఒడ్డుకు పట్టిచ్చిన. మెడలోతు నీళ్ళల్ల నిలబడి, ఒక చేత్తోని మిషిన్ ఎత్తి పట్టుకొని ఇంకో చేత్తోని చక్రం తిప్పిన. మట్టికి, బట్టకు, డబుల్ కుట్టు. చాపలచ్చి బట్టకు మొకం కొట్టుకొని ఎనుకకు పోతున్నయ్. ఒక్క సుక్క కారితె ఒట్టు."

"ఒక్క అంగీ బట్ట లారీ పట్టే గండికి సరిపోయిందా కాకా?" అన్న నేను.

"కొద్దిగ గుంజిన" అన్నడు.

తర్వాత గొంతు తగ్గిచ్చి జనార్దన్ దిక్కు ఒంగిండు. "ఇగ నువ్వే చెప్పు. నీకు అంగీ కావాలంటె ఇప్పుడే పోయి గుంజుకస్త. ఒక్క పోగు పట్టుకుంటె చాలు, మొత్తం అస్తది. కని రుద్రంగి మునుగుతది. పొలాలు పోతయ్, గొడ్లు పోతయ్. పిల్లను చూడబోయే దినం గంత పాపం మీదేసుకుంటవా? ఏసుకోవు. నాకెర్కే, నువ్వు మంచోనివి."

జనార్దన్ తొడుక్కున్న అంగీ కాలర్ కాడ పోగులు లేసినయ్, వాటిని ఏలితోని లోపలికి సదురుకున్నడు. గది చూసి నాకు కాక మీద మస్తు కోపమచ్చింది.

బెంచి కొసకున్న పెద్దమనిషి గ్లాసు కింద పెట్టిండు.

"నాది రుద్రంగే" అన్నడు. "నా పేరు బాలయ్య. ఈడ మా బిడ్డనిచ్చినం, చూసి పోదామని అచ్చిన."

కాక చేతుల చాయ్ గ్లాసు నోటికాడికి పోతున్నది అక్కడనే ఆగింది. ఇగ అయిపోయింది కాక పని అనుకున్న నేను. కని బాలయ్య తల ఊపుకుంట ఏమన్నడు?

"ఈ అన్న చెప్పింది మొత్తం నిజం. గండి పడ్డనాడు నేను కట్ట మీదనే ఉన్న. ఈ అన్న నీళ్ళల్ల నిలబడి కుడుతుంటే, ఆయన కాళ్ళ సందున చాపలు దొరకవట్టి నేను పులుసు పెట్టుకున్న."

కాక ఛాతి ఉబ్బింది. "ఇన్నరా? ఇన్నరా? నేనంటె నమ్మరు!"

"కని అన్నా, నీకు మతిమరుపున్నట్టున్నది" అన్నడు బాలయ్య, అదే మెత్తటి గొంతుతోని. "మొన్న మేము రాళ్ళు పోసి కట్ట గట్టిగ చేసుకున్నం గద. ఇగ మాకు బట్టతోని పనేమున్నది? విప్పి, ఉతికి, ఇస్త్రీ చేసి, నిన్న నేనే తెచ్చి నీ చేతుల పెట్టిన. 'మా జనార్దన్‌కు పిల్లను చూసే పనున్నది, తెల్లారేటాల్లకు కుట్టేస్త' అని నువ్వే అన్నవ్. మీ ఇంటామె నాకు మంచినీళ్ళు గూడ ఇచ్చింది. యాదికి లేదా?"

ఎవ్వలం నవ్వలేదు. స్టవ్ మీద పాలు పొంగుతుంటే గూడ నేను చూసుకోలే. కాక చాయ్ గ్లాసు బెంచి మీద పెట్టిండు. నువ్వు అబద్దమాడుతున్నవ్ అని బాలయ్యను అందామంటే చెరువే అబద్దమైతది. నిజమే అందామంటే అంగీ ఇయ్యాలె.

"ఇచ్చిన్నా లేదా, చెప్పన్నా" అన్నడు బాలయ్య.

"ఇచ్చినవేమో" అన్నడు కాక, శాన మెల్లగ.

"ఇగ ఇంట్లనే ఉంటది" అని జనార్దన్ కదిలిండు.

కాక ఇల్లు మా హోటల్ ఎనుకనే. స్టవ్ బందు చేసి నేను గూడ పోయిన, బాలయ్య గూడ అచ్చిండు. సత్యవ్వ చిన్నమ్మ అడగకముందే మంచం కిందికెల్లి అంగీ తీసి జనార్దన్‌కిచ్చింది. సగం చేతుల అంగీ. కాలర్ మంచిగున్నది, జేబు మంచిగున్నది, గుండీలు వరుసగున్నయ్. జనార్దన్ తొడుక్కున్నడు. ఎడమ చెయ్యి చాపితె అచ్చింది. కుడి చెయ్యి చాపితె భుజం కాడ గుంజి పట్టుకున్నది.

"రెండు చేతులు ఎడమవే కుట్టిండు" అన్నది చిన్నమ్మ. "కొలిచి కత్తిరిచ్చేకాడ అడ్వటైజ్‌మెంట్ అచ్చిందట, ఈయన ముందటికి జరిపితె చేతుల ముచ్చట గూడ దాటిపోయింది. అప్పటిసంది అంగీని చూసుడు, తీసి దాసుడు. అన్నం గూడ తింటలేడు. నీ మొకం ఎట్ల చూడాలె అని ఒకటే బాధ."

కాక గోడ దిక్కు తిరిగి నిలబడ్డడు. చెరువులు కుట్టిన మనిషి అట్ల నిలబడితె నా కోపం ఎటుపోయిందో పోయింది.

జనార్దన్ అంగీ ఇడిసి, కుడి చెయ్యిని లోపలికెల్లి మీదికి, మీదికెల్లి లోపలికి తిప్పి చూసిండు.

"కాకా, ఇది ఎవలు నేసిన బట్ట?"

"నువ్వు నేసిందే."

"దీనికి లోపలి దిక్కు, మీది దిక్కు ఉన్నదా? రెండు దిక్కులు ఒక్కటే గద. గీ ఒక్క చెయ్యి పురాగ విప్పి మర్లేసి కుట్టు. ఎడమది కుడిదైతది."

కాక అచ్చి బట్టను చేతులకు తీసుకున్నడు. ఇటు చూసిండు, అటు చూసిండు. "అరే" అన్నడు.

చిన్నమ్మ చెయ్యి విప్పిచ్చింది. కాక మిషిన్ ముందట కూసోని ఫోన్‌ను దారపు డబ్బాకు ఆనిచ్చి పెట్టిండు. అండ్లకెల్లి ఆ అక్క, "భయపడకుండ్రి, మెల్లగ తొక్కుండ్రి" అన్నది. కాక మెల్లగనే తొక్కిండు. ఎంత మెల్లగంటె, సూది దిగుడు లేసుడు మాకు కనవడుతున్నది. భుజం తిరిగేకాడ దారం తెగింది. సూదిల మల్ల ఎక్కిచ్చుకున్నడు. చెమట బట్ట మీద పడద్దని మోచేత్తోని తుడుసుకున్నడు. జనార్దన్ ఒకసారి బస్సు టైం అనవోయి ఊకున్నడు.

కుట్టు జర వంకర పోయింది, లోపల దిక్కే. జనార్దన్ తొడుక్కొని చెయ్యి చాపిండు, మీదికి లేపిండు.

"గుంజుతలేదు కాకా."

చిన్నమ్మ గబగబ ఇస్త్రీ చేసిచ్చింది. జనార్దన్, బాలయ్య ఒక్క బస్సుకే పోయిండ్రు.

పొద్దుమూకేటాల్లకు కాక మల్ల మా బెంచి మీద ఉన్నడు. ఈసారి ఇనేటోళ్ళు వేరే. బస్సు కదులుతుంటే ఫుట్‌బోర్డు మీద ఏలాడుకుంట జనార్దన్ ఒంటి మీదనే అంగీ ఎట్ల కుట్టిండో చెప్తున్నడు. గంతల ఫోన్ మోగింది. జనార్దనే. అందరు ఇనాలని స్పీకర్ పెట్టిండు కాక.

"ఒప్పుకున్నరు కాకా! పిల్ల గూడ ఒప్పుకున్నది."

బెంచి మీదోళ్ళు చప్పట్లు కొట్టిండ్రు. నాకు కండ్లల్ల నీళ్ళచ్చినయ్. "నాకెర్కే" అన్నడు కాక. "అంగీ చూసిండ్రా?"

"చూసిండ్రు. పిల్ల, బట్ట మంచిగున్నది, ఎవలు నేసిండ్రని అడిగింది. నేనే అన్న. మరి కుట్టిందెవలని అడిగింది."

కాక చెయ్యెత్తి అందర్ని సప్పుడు చెయ్యద్దన్నడు. "ఏం చెప్పినవ్?"

"అది గూడ నేనే అన్న. ఇంట్ల కూసోని ఫోన్ల చూసి నేర్చుకున్ననని చెప్పిన."

కాక ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉన్నది. "గంత అబద్దమా!" అన్నడు.

"నోట్లకెల్లి అట్ల అచ్చేసింది కాకా. ఇగ ఆ పిల్ల మస్తు సంబురపడి, పెండ్లి జాకెట్ నన్నే కుట్టుమన్నది. కొలత జాకెట్ ఇచ్చిండ్రు, పట్టుబట్ట గూడ ఇచ్చిండ్రు. పట్టుకొని అస్తున్న. నువ్వు ఇంటికాడనే ఉండు."

కాక ఫోన్ జేబుల పెట్టుకున్నడు. సగం చాయ్ అట్లనే ఇడిసి లేసిండు.

"యాడికే కాకా, ఫుట్‌బోర్డు మీద ఉన్నవ్, ఆ తర్వాత ఏమైంది?" అని బెంచి మీదోళ్ళు అడిగిండ్రు.

"జాకెట్ వీడియో చూడాలె" అన్నడు కాక, చెప్పులు ఏసుకుంట.