తీసి ఉన్న తలుపు

తాళాల కొట్లో బావ ఆకురాయితో తాళంచెవి అరగదీస్తున్నాడు. ఎదురుగా స్టూలు మీద కూర్చుని బావమరిది తన బైబిలు అనువాదంలోంచి ఒక పేజీ చదివాడు. కొత్తగా వినే మనిషికి వినిపించి, తిరిగి చెప్పించుకుంటే గానీ అతను ఏ పేజీనీ అచ్చుకు పంపడు.

"ఏం అర్థమైంది బావా?"

"ఒకడు ముందు పాపం దగ్గర పనిచేశాడు. తర్వాత దేవుడి దగ్గర పనికి కుదిరాడు. అంతేగా?"

"అంతే."

"ఇందులో ఏముందోయ్? పనివాడు నచ్చకపోతే మానేస్తాడు."

"మూలంలో బానిస అనే ఉంది. దేవుడికి బానిస అంటే వినేవాళ్ళ మనసు చివుక్కుమంటుందని రెండుచోట్లా పనివాడు అని మెత్తబరిచాను."

"పప్పులో కాలేశావు. నేను తాగే రోజుల్లో మీ అక్క నన్ను గదిలో పెట్టి తాళం వేసేది, గుర్తుందా?"

"గుర్తులేకేం! పిన్నీసుతో తాళం తీసి వెళ్ళిపోయేవాడివి."

"ఊళ్ళో నేను తీయలేని తాళం లేదు. కానీ సారాకొట్టు దాటి ఒక్క అడుగు వేయలేకపోయేవాణ్ణి. నన్ను పనివాడంటావా?"

బావమరిది కలం తీసి మొదటిచోట ఆ మాట కొట్టేశాడు. రెండోచోటికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

"మరి దేవుడి దగ్గర కూడా బానిసేనా బావా?"

బావ తాళంచెవి మీది పొడి ఊదాడు.

"ఇప్పుడు మీ అక్క తాళం వేయడం మానేసింది. తలుపు బార్లా తీసే ఉంటుంది. అయినా పొద్దుగూకేసరికి నేను ఇంట్లోనే ఉంటాను. అక్కడా బానిస అనే రాయి. నా మనసేం చివుక్కుమనదు."